బీరువాలో మూడు ఒరిజినల్స్

రెండేళ్ల కిందట మా దగ్గర గుడ్డ సంచులు కొనే ఒక పెద్ద కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చింది. మొత్తం 41 ప్రశ్నలు. మంటలార్పే సిలిండర్లు ఎన్ని ఉన్నాయి, బయటికి దారులెన్ని, బాత్రూములెన్ని, ఇలా నడుస్తూ నడుస్తూ 33వ ప్రశ్న దగ్గర "మీ సంస్థలో గానీ, మీకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర గానీ ఆధునిక బానిసత్వం ఉందా?" అని ఉంది. పక్కన రెండు గళ్లు, ఉంది అని ఒకటి, లేదు అని ఒకటి. "లేదు" మీద టిక్ పెట్టేసి 34కి వెళ్లిపోయాను. ఆ ప్రశ్న చూస్తే నవ్వొచ్చింది కూడా, ఎందుకంటే "ఉంది" అని టిక్ పెట్టేవాడు ఎవడైనా ఉంటాడా?

బానిసత్వం అనగానే నా బుర్రలోకి వచ్చేవి సంకెళ్లు, కొరడా, ఓడలు. మాది 14 మంది పనిచేసే కుట్టు యూనిట్. అందర్నీ పేరు పెట్టి పిలుస్తాను, వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారో కూడా తెలుసు. ఇదంతా పెద్దవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకున్నాను.

ఫారం స్కాన్ చేసి పంపాల్సింది మా అకౌంట్స్ చూసే అమ్మాయి. పది నిమిషాల తర్వాత వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, 35వ ప్రశ్నకి కూడా లేదనే పెట్టారు."

"ఏంటది?"

"ఉద్యోగుల ఒరిజినల్ పత్రాలు మీ దగ్గర ఉంచుకుంటారా అని. బీరువాలో మూడున్నాయి కదా మేడమ్."

ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకి మిషన్ మీద చెయ్యి కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ రెండు మూడు నెలలు బట్ట పాడుచేసి, సూదులు విరగ్గొట్టి, తీరా పని వచ్చేసరికి ఇంకో యూనిట్లో కాస్త ఎక్కువ ఇస్తామన్నారని వెళ్లిపోతారు. అలా ముగ్గురు వెళ్లాక, తెలిసినవాళ్లు ఇచ్చిన సలహా మీద, చేరేటప్పుడే చదువు సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను. ఏడాది నిండాక ఇచ్చేస్తామని చెప్పేదాన్ని. దాంతోపాటు మొదటి నెల జీతంలో సగం ఆపుకోవడం, ముందుగా చెప్పి మానేస్తే ఇవ్వడం. నా లెక్కలో అది జాగ్రత్త. అందరూ చేసేదే.

ఆ రోజు రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్ఓ, బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి 11 గుర్తులు చెప్పింది. నిస్సహాయతని వాడుకోవడం, మోసపు మాటలు చెప్పి పనిలోకి తేవడం, కదలికల మీద కట్టడి, బయటివాళ్లతో సంబంధం లేకుండా చేయడం, శారీరక, లైంగిక హింస, బెదిరింపు, గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, మనుషులు ఉండలేని చోట ఉంచి పనిచేయించడం, హద్దు లేని ఓవర్‌టైమ్. చదువు సర్టిఫికెట్ గుర్తింపు పత్రమా కాదా అని కాసేపు నాతో నేనే వాదించుకున్నాను, మనిషిని కదలనివ్వకుండా ఆపడానికే పెట్టుకున్నాక ఆ తేడా ఏం మిగులుతుంది? అంటే పదకొండింటిలో రెండు నా బీరువాలోనూ నా జీతాల పుస్తకంలోనూ ఉన్నాయి.

ఒక గుర్తు కనపడగానే అది బానిసత్వం అయిపోదు, ఆ మాట ఐఎల్ఓ కూడా చెబుతుంది, కొన్నిసార్లు ఒక్కటే చాలు, కొన్నిసార్లు నాలుగు కలిపి చూస్తే గానీ తెలియదు. నేను దొంగనని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. కానీ మర్నాడు ఆ ముగ్గురినీ పిలిచి సర్టిఫికెట్లు చేతికిచ్చినప్పుడు ఒకమ్మాయి చాలా మామూలుగా ఒక మాట అంది. ఏదో శిక్షణ కోర్సుకి అప్లై చేద్దామనుకుందట, ఒరిజినల్స్ చూపించమన్నారట, ఊరుకుందట. "అడిగితే ఇచ్చేదాన్ని కదమ్మా" అన్నాను. "అడిగితే పని తీసేస్తారేమో అనుకున్నా మేడమ్" అంది.

1930లో ఐఎల్ఓ చేసిన 29వ ఒడంబడికలో బలవంతపు చాకిరీకి ఇచ్చిన నిర్వచనంలో రెండు ముక్కలున్నాయి. ఏదో ఒక శిక్ష పడుతుందన్న భయంతో చేసే పని, తనంతట తాను ఒప్పుకుని చేయని పని. ఆ భయం ఎవరైనా నోటితో బెదిరిస్తేనే పుడుతుందని నేను అనుకునేదాన్ని. ఆ అమ్మాయిని నేను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. బీరువా తాళం ఆ పని చేసింది.

ఇక లెక్కలు ఒకసారి చెప్పి వదిలేస్తాను. ఐఎల్ఓ, వాక్ ఫ్రీ అనే మానవ హక్కుల సంస్థ, అంతర్జాతీయ వలసల సంస్థ కలిసి 2022లో విడుదల చేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 4.96 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. అందులో 2.76 కోట్ల మందిది బలవంతపు చాకిరీ, మిగతా 2.2 కోట్ల మందిది బలవంతపు పెళ్లి. చాకిరీలో ఉన్నవాళ్లలో 86 శాతం ప్రైవేటు రంగంలోనే. వలస వచ్చి పనిచేసేవాళ్లకి ఈ ప్రమాదం మిగతావాళ్లకంటే మూడు రెట్లు ఎక్కువ. మన మధ్య తిరుగుతూ, యూనిఫాం వేసుకుని, హాజరు వేయించుకుని పనిచేసేవాళ్లు కూడా ఇందులో ఉంటారు.

చట్టం సంగతికొస్తే, బ్రిటన్‌లో 2015లో వచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి టర్నోవర్ ఉన్న కంపెనీలు తమ దగ్గరా తమకి సరుకు ఇచ్చేవాళ్ల దగ్గరా బానిసత్వం లేకుండా ఏం చేశాయో ప్రతి ఏటా ఒక ప్రకటన వేయాలంటుంది. ఆస్ట్రేలియా 2018 చట్టంలో ఆ హద్దు 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. మనలాంటి చిన్నవాళ్లం ఆ దరిదాపుల్లో కూడా లేం. కానీ ఆ పెద్ద కంపెనీ తన కింద ఉన్నవాణ్ణి అడుగుతుంది, వాడు వాడి కింద ఉన్నవాణ్ణి, అలా మెట్లు దిగి దిగి చివరికి మన టేబుల్ మీదికి 41 ప్రశ్నల ఫారం వస్తుంది. మనం టిక్ పెడతాం. ఆ టిక్‌లన్నీ కలిసి పైకి వెళ్లి ఒక అందమైన ప్రకటన అవుతాయి. నా టిక్ పరిస్థితి చూశారుగా, మిగతావాళ్లవి ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన నిబంధన వేరే రకం, అది 2027 డిసెంబర్ నుంచి అమల్లోకి వస్తుంది, బలవంతపు చాకిరీతో తయారైన సరుకు అక్కడ అమ్మకూడదు, అక్కణ్ణుంచి ఎగుమతి చేయకూడదు. దానికి కంపెనీ సైజుతో పనిలేదు. చిన్నవాళ్లం కదా అనే సాకు అక్కడ పనికిరాదు.

సర్టిఫికెట్లు తిరిగిచ్చి, ఆపిన జీతాలు ఇచ్చేసి, ఇక మన ఇల్లు శుభ్రం అనుకున్నాను. అసలు కథ నాలుగు నెలల తర్వాత.

అదే కంపెనీ నుంచి పెద్ద ఆర్డర్. మామూలుగా 20 రోజులు ఇస్తారు, ఈసారి 11. ఆర్డర్ ఖాయమయ్యాక మూడో రోజున లోగో రంగు మార్చారు, తేదీ మాత్రం మార్చలేదు. మా 14 మందితో అయ్యే పని కాదు. మేం ఎప్పుడూ జాబ్‌వర్క్, అంటే బయట కుట్టించుకునే పని, ఇచ్చే ఒకాయనకి ఫోన్ చేసి సగం ఇస్తానన్నాను. "మీకెందుకు మేడమ్, అయిపోతుంది" అన్నాడు. ఎలా అయిపోతుంది అని నేను అడగలేదు. ఆయన యూనిట్లో మిషన్లు తొమ్మిదే అని నాకు తెలుసు. తొమ్మిది మిషన్ల మీద ఎనిమిది రోజుల్లో అన్ని సంచులు కుట్టడం కుదరదని కూడా తెలుసు, కాగితం మీద లెక్క వేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వేయలేదు. వేస్తే అడగాల్సి వస్తుంది, అడిగితే ఆర్డర్ పోతుంది.

ఆరో రోజు రాత్రి కొన్ని జిప్పులు తక్కువ పడ్డాయని ఫోన్ చేస్తే నేనే బండి మీద తీసుకెళ్లాను. ఆయన యూనిట్‌కి కాదు, ఆయన ఎవరికో ఇచ్చాడు, వాళ్లు ఇంకెవరికో ఇచ్చారు, ఆ మూడో చోటికి. రేకుల షెడ్డు. లోపల ఇరవై మందికి పైనే ఉన్నారు, ఎక్కువమంది వేరే భాష మాట్లాడుతున్నారు, మిషన్ల వెనక గోడకి ఆనించి చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి. అంటే అక్కడే పడుకుంటున్నారు. కొట్టడం, తిట్టడం ఏమీ లేదు. ఒక మూల ఫోన్లో పాట కూడా పాడుతోంది. జిప్పులు లెక్కపెట్టి తీసుకుంటున్న ఒకావిడని, ఆవిడకి కాస్త మన భాష వచ్చు, "ఎంత ఇస్తున్నారమ్మా, సంచికి ఇంతనా, రోజుకి ఇంతనా?" అని మాటవరసకి అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "లెక్క మేస్త్రీ దగ్గరుంటుందమ్మా" అంది.

ఆ రాత్రంతా ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తన జీతం ఎంతో తనకి తెలియదు. చేరేటప్పుడు తీసుకున్న అడ్వాన్స్ ఎంత తీరింది, ఎంత ఉంది, ఆ లెక్కా ఆయన దగ్గరే. ఎప్పటికి తీరుతుందో చెప్పాల్సిందీ ఆయనే. దీనికి మన భాషలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది, వెట్టిచాకిరీ. ఆధునిక బానిసత్వం అనే కొత్త పేరు విని నేను నవ్వుకున్నాను గానీ ఆ ఫారంలో వెట్టి అని రాసి ఉంటే బహుశా నవ్వేదాన్ని కాదేమో.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఇది చదివేవాళ్లెవరూ అది చేయకూడదని. పొద్దున్నే కోపంతో మా జాబ్‌వర్క్ ఆయనకి ఫోన్ చేసి అరిచాను. ఆయన ఇంకొకాయనకి, ఆయన మేస్త్రీకి. మధ్యాహ్నం వెళ్లి చూస్తే షెడ్డుకి తాళం. మనుషుల్ని ఎక్కడికో తరలించేశారు, నా సంచులు మాత్రం పద్ధతిగా మూటలు కట్టి మా గేటు దగ్గరికి వచ్చాయి. ఆర్డర్ టైముకి వెళ్లింది. ఆ మనుషులు ఎక్కడున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. తర్వాత అధికారులకి ఫిర్యాదు ఇచ్చాను, చేతిలో పెట్టడానికి నా దగ్గర ఖాళీ షెడ్డు అడ్రస్ తప్ప ఏమీ లేదు.

ఇలాంటి వాటి మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లని తర్వాత కలిస్తే మొదట అడిగింది అదే, "ముందు ఎవరికి చెప్పారు?" అని. అనుమానం వస్తే అది ఎవరి మీద వచ్చిందో వాళ్లకి చెప్పకూడదు. అందరి ముందూ ఆ మనిషిని పట్టుకుని గుచ్చి గుచ్చి అడగకూడదు, మనం వెళ్లిపోయాక ఆ ప్రశ్నలకి మూల్యం చెల్లించేది వాళ్లే. మనమే వెళ్లి విడిపించేద్దామని హీరోయిజం చూపించకూడదు. చూసింది చూసినట్టు, తేదీ, టైముతో రాసుకుని, ప్రాణాపాయం ఉంటే వెంటనే పోలీసులకి, లేకపోతే కార్మిక శాఖకో, ఈ పని తెలిసిన సంస్థకో చెప్పి, వాళ్లు చెప్పినట్టు నడుచుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు మింగుడు పడటానికి టైము పట్టింది. వెంటనే ఆర్డర్ ఆపేసి ఆ సప్లయర్‌తో తెగతెంపులు చేసుకోవడం అన్నిసార్లూ మంచిది కాదట. మన చేతులు శుభ్రమవుతాయి గానీ లోపలివాళ్ల బాకీ జీతాలు మునుగుతాయి, వాళ్లని ఇంకా చీకటి చోటికి తోసినట్టవుతుంది. ముందు వాళ్ల భద్రత, తర్వాత వాళ్లకి రావాల్సిన డబ్బు. సప్లయర్ దారికి వస్తే ఉంచుకోవాలి, రాకపోతే అప్పుడు వదులుకోవాలి.

"మా మనుషులు కాదు, కాంట్రాక్టర్ మనుషులు" అనే మాట ఉంది చూడండి, అది నేనూ అన్నాను. ఆ మాటకి 1982లోనే భారత సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ఆ ఏడాది జరిగిన ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో కట్టిన కట్టడాల దగ్గర కూలీలకి కనీస వేతనం అందడం లేదని వచ్చిన కేసు అది. పని కాంట్రాక్టర్లకి ఇచ్చాం కాబట్టి మాకు సంబంధం లేదని ప్రభుత్వం అంటే, అదేం కుదరదంది కోర్టు. అంతకంటే పెద్ద మాట ఇంకోటి చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకి మనిషి పనిచేస్తున్నాడంటే అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని. ఆకలి, పేదరికం తోసినా అది బలవంతమేనని. కొరడా అక్కర్లేదు.

ఆ తీర్పు గురించి చదివాక మొదటిసారి నా రేటు లెక్క వేశాను. మీరూ వేసుకోవచ్చు, పెద్ద విద్య ఏమీ కాదు. ఒక సంచి కుట్టడానికి చెయ్యి తిరిగినవాళ్లకి 12 నిమిషాలు పడుతుందనుకోండి. గంటకి 5, ఎనిమిది గంటలకి 40. నేను సంచికి ఇచ్చే జాబ్‌వర్క్ రేటుని 40తో గుణిస్తే ఒక మనిషి రోజు పనికి నేనిస్తున్న మొత్తం వస్తుంది. అందులోంచి దారం, కరెంటు, షెడ్డు అద్దె, జాబ్‌వర్క్ చేసేవాడి లాభం, వాడు ఇంకొకడికి ఇస్తే ఆ ఇంకొకడి కమీషన్ తీసేయండి. మిగిలింది చట్టం చెప్పిన కనీస వేతనం కంటే తక్కువైతే ఇక షెడ్డు దాకా వెళ్లి చూడాల్సిన పని లేదు, తప్పు మన పర్చేజ్ ఆర్డర్‌లోనే ఉంది. నాది ఒక చెయ్యి మారితే సరిపోతుంది. మూడు చేతులు మారితే ఏ రకంగానూ సరిపోదు. మేస్త్రీ దుర్మార్గుడే, కాదనను. కానీ ఆ రేటుకి ఆ టైములో ఆ పని చేయగలిగేది ఆ మేస్త్రీ ఒక్కడే అయ్యేలా ఆర్డర్ రాసింది నేను.

వ్యాపారాలూ మానవ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాల్లో మన బాధ్యతని మూడు రకాలుగా చూస్తారు. కీడు మనమే చేయడం, వేరేవాళ్లు చేసేదానికి మన చెయ్యి కూడా తోడవడం, మన ప్రమేయం లేకపోయినా మన సరుకు ద్వారా ముడిపడి ఉండడం. ఆ సూత్రాలకి 2012లో వాళ్ల మానవ హక్కుల కార్యాలయం వేసిన వివరణలో రెండో రకానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఏమిటో తెలుసా, ఆఖరి నిమిషంలో సరుకు వివరాలు మార్చి, గడువూ రేటూ మార్చకపోవడం. లోగో రంగు! చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఒకపక్క పైవాళ్ల మీద కోపం, ఇంకోపక్క నేను కిందివాళ్లకి అచ్చంగా అదే చేశానన్న సిగ్గు.

అందుకే నా అభిప్రాయం, చిన్న వ్యాపారంలో ఈ పని పాలసీ రాయడంతో మొదలుకాదు, కొనే పద్ధతి మార్చుకోవడంతో మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో పాలసీ నమూనాలు బోలెడు దొరుకుతాయి, నేనూ ఒకటి దింపుకుని పేరు మార్చి గోడకి అతికించాను, దాని మీద ఇప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది. పనికొచ్చినవి వేరే ఉన్నాయి. జాబ్‌వర్క్ ఇచ్చేటప్పుడు సగం డబ్బు ముందే ఇవ్వడం మొదలుపెట్టాను. ముందు నేను 60 రోజులకి ఇచ్చేదాన్ని, ఆ 60 రోజులూ ఆయన కూలీలకి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాడో నేను ఎన్నడూ ఆలోచించలేదు. నన్ను అడక్కుండా వేరేవాళ్లకి పని ఇవ్వకూడదని ఒప్పందంలో రాశాం, అయితే నిజంగా అడిగితే కాదనకుండా వెళ్లి చూసి సరే అంటున్నాను, ఎందుకంటే ఊరికే నిషేధిస్తే చాటుగా ఇస్తారు. అలివికాని ఆర్డర్ వస్తే సగమే తీసుకుంటున్నాను. దీనివల్ల నష్టం లేదా అంటే ఉంది, పోయిన ఏడాది రెండు ఆర్డర్లు పోయాయి. పోయాయి అంతే, దానికి బదులు ఏదో మంచి జరిగిందని కథ చెప్పలేను.

జీతాలు ఎవరి ఖాతాలోకి వెళ్తున్నాయో చూడటం ఇంకొకటి. బ్రిటన్‌లో 2019లో ఆపరేషన్ ఫోర్ట్ అనే కేసు బయటికొచ్చింది. పోలండ్ నుంచి పని ఇప్పిస్తామని తీసుకొచ్చిన మనుషులు, బాధితులు 400 మందికి పైనే ఉంటారని పోలీసుల అంచనా, పొలాల్లోనూ చెత్త వేరుచేసే కేంద్రాల్లోనూ పనిచేశారు. పని ఇచ్చినవాళ్లు జీతం వేస్తూనే ఉన్నారు, ఆ డబ్బు వెళ్లిన ఖాతాలు మాత్రం ముఠా చేతిలో ఉన్నాయి. పని ఇచ్చినవాడి పుస్తకాల్లో అంతా సవ్యంగానే కనపడుతుంది. కాబట్టి మీ జీతాల షీట్ తెరిచి, ఇద్దరికి మించి ఒకే ఖాతా, ఒకే ఫోన్ నంబర్, ఒకే ఇంటి అడ్రస్ ఉన్నాయేమో వెతకండి. ఉన్నంతమాత్రాన నేరం జరిగినట్టు కాదు, అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండొచ్చు, భార్య ఖాతాలో వేయించుకోవచ్చు. అడిగి తెలుసుకోవాలి, అది కూడా ఆ మనిషిని పక్కకి పిలిచి, మధ్యవర్తి లేకుండా. తన బదులు ఎప్పుడూ ఇంకొకరే జవాబు చెబుతుంటే అదే ఒక జవాబు.

చాలామంది సప్లై చెయిన్ అనగానే ముడిసరుకు వైపు చూస్తారు. నేను ముందు చూడాల్సింది నా గేటు లోపలే అని ఆలస్యంగా తెలిసింది. రాత్రి కాపలా ఉండే మనిషి, వారానికి రెండుసార్లు వచ్చి ఊడ్చి తుడిచే ఇద్దరు, లోడింగ్‌కి వచ్చే నలుగురు, వీళ్లెవరూ నా 14 మందిలో లేరు, ఏజెన్సీ పంపుతుంది, బిల్లు కడతాను. కాపలా మనిషిని ఒకరోజు కూర్చోబెట్టి "ఈ పనిలో చేరడానికి ఎవరికైనా డబ్బు కట్టావా?" అని అడిగాను. కట్టాడు, యూనిఫాంకి ఇంత, డిపాజిట్ ఇంత, చేర్పించినందుకు ఇంత, అన్నీ కలిపితే దాదాపు రెండు నెలల జీతం, అది కూడా అప్పు చేసి. పని ఇప్పించినందుకు పనివాడి దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ ఫీజు తీసుకోకూడదని ఐఎల్ఓ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతుంది. మనిషి కావాల్సింది నాకైతే ఆ ఖర్చు నాది. ఏజెన్సీవాళ్లతో గొడవపడి ఆ డబ్బు వెనక్కి ఇప్పించడానికి మూడు నెలలు పట్టింది, చివరికి సగం వాళ్లు, సగం నేను ఇచ్చాం. ఎవరికైనా ఒక్క ప్రశ్నే అడిగే అవకాశం ఉంటే ఇదే అడగమంటాను, "ఈ పని కోసం ఎంత కట్టావు, ఎవరి దగ్గర అప్పు చేశావు?" అప్పు తెలిస్తే మిగతా కథ దానంతట అదే బయటికొస్తుంది.

ముడిసరుకు దగ్గర మాత్రం నా చెయ్యి పొట్టిదని ఒప్పుకుంటాను. బట్ట ఇచ్చేవాడికి నూలు ఎక్కడిదో తెలుసు, నూలు వడికినవాడికి పత్తి ఎక్కడిదో కొంత తెలుసు, ఆ పైన పొగమంచు. పత్తిది పెద్ద చరిత్ర. ఉజ్బెకిస్తాన్‌లో ఏళ్ల తరబడి ప్రభుత్వమే పత్తి తీత కాలంలో టీచర్లనీ, విద్యార్థులనీ, డాక్టర్లనీ పొలాలకి తోలేది. ప్రపంచవ్యాప్తంగా వందల బ్రాండ్లు ఆ పత్తిని వద్దన్నాయి, చివరికి పరిస్థితి మారిందని తేలాక 2022 మార్చిలో ఆ బహిష్కరణ ఎత్తేశారు. కొనేవాళ్ల ఒత్తిడి పనిచేస్తుందనడానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఇదే. చైనాలోని షింజియాంగ్ సంగతి చూస్తే, 2022 జూన్ నుంచి అమెరికా అక్కడి సరుకంతా బలవంతపు చాకిరీతో తయారైందనే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం దిగుమతి చేసుకునేవాడిదే. నేను చేయగలిగింది, ప్రతి లాట్‌కీ నూలు ఏ మిల్లుదో, పత్తి ఏ దేశానిదో బిల్లు మీద రాసివ్వమని అడగడం. మొదట నవ్వారు. నాలాంటి చిన్నవాళ్లం ఆరుగురం కలిసి ఒకే బట్ట ఒకే చోట కొనడం మొదలుపెట్టాక రాసిస్తున్నారు. సర్టిఫికెట్లు కూడా చూపిస్తారు, తీసుకుంటాను, కానీ ముందుగా చెప్పి వచ్చే తనిఖీ ఎలా ఉంటుందో నా సొంత యూనిట్లో చూశాను కాబట్టి వాటిని పూర్తిగా నమ్మను. తనిఖీ రోజున మా బాత్రూముల్లో కొత్త సబ్బులుంటాయి!

ఫిర్యాదుల పెట్టె పెట్టమని ఫారంలో ఉంటుంది. 14 మంది ఉన్న చోట పెట్టెలో చీటీ వేస్తే చేతిరాత చూసి ఎవరిదో చెప్పేయొచ్చు. పెట్టె తీసేసి, నాతో సంబంధం లేని ఆ స్వచ్ఛంద సంస్థ నంబర్‌ని పనివాళ్ల భాషల్లో రాసి బాత్రూమ్ తలుపుకి లోపలివైపు అతికించాం, అక్కడైతే ఎవరు చూస్తున్నారో ఎవరికీ తెలియదు. కింద చింపుకుని తీసుకెళ్లేలా నంబర్ చీటీలు వేలాడదీశాం. ఇప్పటికి నాలుగు చీటీలు చిరిగి ఉన్నాయి. ఎవరు తీసుకున్నారో నేను అడగలేదు. టెన్షన్‌గా ఉంటుంది, అబద్ధం చెప్పను, నా మీదే ఫిర్యాదేమో అని కూడా అనిపిస్తుంది.

ఈ నెలలో ఆ పెద్ద కంపెనీ ఫారం మళ్లీ వచ్చింది. ఇప్పుడు 46 ప్రశ్నలు. 33వది మారలేదు, అవే రెండు గళ్లు. రెండూ ఖాళీగా వదిలేసి, ఒక పేజీ జతచేశాను, ఏం చూశాం, ఏం మార్చాం, ఇంకా ఏం చూడలేదు, ఆ షెడ్డు సంగతి కూడా. దాని మీద ఎవరూ ఏమీ అడగలేదు, "ఫారం అందింది" అని ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. రెండు రోజులకి వాళ్ల కొనుగోలు విభాగం నుంచి ఇంకో మెయిల్, కొత్త ఆర్డర్, గడువు 10 రోజులు. 20 రోజులైతే చేస్తానని, మధ్యలో డిజైన్ మారిస్తే గడువు కూడా మారాలని, కారణం 33వ ప్రశ్నకి జతచేసిన పేజీలో ఉందని జవాబు రాశాను.

మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు 16 ఇస్తామన్నారు. ఒప్పుకోవాలా వద్దా అని రాత్రి మా అకౌంట్స్ అమ్మాయీ నేనూ కాగితం మీద 12 నిమిషాల లెక్క వేస్తూ కూర్చున్నాం.